మైలలో విడుదలైన నెమళ్ళు

మాది నాపరాళ్ళ వాకిలి. మా ఆయన క్వారీలో టిప్పర్ నడుపుతాడు కాబట్టి, నరసరావుపేటలో ఇల్లు కట్టుకున్నప్పుడు ఒక్కో రాయీ పెళ్ళికూతుర్ని చూసినట్టు చూసి మరీ తెచ్చాడు. నన్ను కూడా అంత పరీక్షగా చూడలేదు. ఆ రాళ్ళను కడిగితే నల్లగా, నున్నగా, బడిపిల్లల పలకలా ఉంటాయి. చిన్నప్పుడు పలక మీద నేను రాసింది ఏ పంతులమ్మకూ నచ్చలేదు. ఈ పలక మీద గీసింది మాత్రం ఊరూరా ఆడవాళ్ళు ఆగి చూస్తున్నారు. పంతులమ్మలు కూడా చూస్తున్నారేమో, తెలియదు. చూస్తే నా దస్తూరిని గుర్తుపట్టకూడదని నా కోరిక.

నన్ను ముగ్గులోకి దించింది ఎదురింటి అక్క. ఆవిడ వరండాలో మిషను పెట్టుకుని జాకెట్లు కుడుతుంది, వాళ్ళాయన బైకుల మెకానిక్కు. ముస్లింల ఇల్లు, వాళ్ళింట్లో ముగ్గు వెయ్యరు. అందుకేనేమో, మా ముగ్గును ఆవిడ చూసినంత శ్రద్ధగా ఇంకెవరూ చూసేవారు కాదు. సూదిలో దారం ఎక్కిస్తూ అక్కడి నుంచే తీర్పు చెప్పేది.

"ఏమే, ఆ ఎడం పక్క చిలక్కి మెడ పట్టేసినట్టుంది, చూస్కో."

ఒకరోజు అదే వరండాలోంచి అంది: "పొద్దున్నే లేచి ఇంత చేస్తావ్, తొమ్మిదయ్యేసరికి స్కూటర్లోళ్ళు తొక్కి పోతారు. ఫోన్లో తీసి పెట్టరాదూ? దాన్నెవుడు తొక్కుతాడు?"

ఆ ఒక్క మాటతో నా వృత్తి జీవితం మొదలైంది. మొదటి వీడియోలో ముగ్గు కన్నా నా కాలి బొటనవేలు ఎక్కువసేపు నటించింది. కింద వచ్చిన ఒకే ఒక్క వ్యాఖ్య, "మెట్టెలు బాగున్నాయి, ఎక్కడ కొన్నారు?" అని. దాన్ని మా ఆయనకు, అత్తయ్యకు, పాలు పోసే ఆమెకు వరుసగా చదివి వినిపించాను. తరవాత ఎదురింటి అన్న పాత బైకు హ్యాండిలుకు ఇనుపచట్రం అతికించి, ఫోను పైనుంచి కిందికి చూసేలా ఒక స్టాండు చేసిచ్చాడు. అప్పటి నుంచి తెరమీద కనిపించేది నా కుడిచెయ్యి, అదీ మోచేతి దాకానే. అంటే నేను మోచేతి దాకా ప్రముఖురాలిని. బజారులో నా ముఖం చూసి గుర్తుపట్టేవాళ్ళు లేరు. గాజుల కొట్టు ఆమె మాత్రం చెయ్యి చాపగానే పట్టేస్తుంది.

రెండేళ్ళలో అది నిజంగానే పనైంది. పెళ్ళికార్డుల మీదికి ముగ్గులు గీయించుకునేవాళ్ళు వచ్చారు. వారానికి మూడు మధ్యాహ్నాలు ఫోన్లో క్లాసులు చెప్పడం మొదలుపెట్టాను. ఎక్కడెక్కడి ఊళ్ళలోనో ఉద్యోగాలు చేసే అమ్మాయిలు నేను "చుక్క" అంటే చుక్క పెడతారు, "ఆగండి" అంటే ఆగుతారు. ఇంట్లో నా మాటకు ఆగేది కుక్కరు ఒక్కటే, అదీ మూడు కూతలయ్యాక.

ఈ పనికి ఉన్నది ఒకే ఒక్క నియమం. రోజూ పొద్దున ఆరింటికి కొత్త ముగ్గు రావాలి. ఒక్కరోజు తప్పినా జనం మరిచిపోతారని నాకు భయం. అత్తయ్యకు అది ఎంతకీ బోధపడేది కాదు.

"ఏం ఉజ్జోగమే ఇది? ఆఫీసు లేదు, బాసు లేడు."

"బాసున్నాడత్తయ్యా. కనపడడు. రోజూ పెట్టకపోతే మనల్ని ఎవరికీ చూపించడు."

"కనపడడు, కోపమొస్తే దయ చూపడు. దేవుడనుకో."

"దాదాపు."

"మరి మొక్కుకుంటే ఇంటాడా?"

"అదే తెలియట్లా."

అత్తయ్య మాత్రం మొదట్లోనే ఒక షరతు పెట్టింది. "చేసుకో, నేను కాదనను. కానీ మనోళ్ళల్లో ఎవుడన్నా వచ్చి, మీ కోడలు వాకిట్లో ఇట్టా చేసిందంట అని ఒక్క మాటన్నాడా, ఆ రోజే ఆ ఫోను కట్టేసెయ్యాల." నేను సరేనన్నాను. ముగ్గు వేస్తే ఎవరేమంటారు? అంతకన్నా నిరపాయమైన పని ప్రపంచంలో ఉందా? అనుకున్నాను. ఇలా అనుకోవడంలో నాకు ఎప్పుడూ లోటు లేదు.

కిందటి శివరాత్రికి మా అత్తగారి ఊరి ప్రభతో పాటు కోటప్పకొండ వెళ్ళాలి. ఆ ముందూ వెనకా ఇంటినిండా చుట్టాలే, అన్నం గిన్నెను దించే తీరిక ఉండదు, ఇంక స్టాండెక్కడ పెడతాను? అందుకని పన్నెండు రోజుల ముగ్గులను ఒక్కరోజులో తీసి పెట్టుకోవాలనుకున్నాను. వాటిని ఫోనులో వరసగా పెట్టి తేదీలు ఇచ్చేస్తే, ఏ రోజుది ఆ రోజు ఆరింటికి దానంతటదే విడుదలవుతుంది.

ఆ రోజును తలుచుకుంటే ఇప్పటికీ నడుము నొప్పీ నవ్వూ కలిసే వస్తాయి. వెయ్యి, తీయి, కడుగు, ఆరబెట్టు, మళ్ళీ వెయ్యి. మా పల్నాట్లో ముగ్గుపిండికి కరువేముంది, తవ్విన చోటల్లా సున్నపురాయే. కరువంతా నీళ్ళకే. కుళాయి వచ్చినంత సేపూ డ్రమ్ములు నింపాం. ఎండ ముదిరాక అక్క పెద్ద గొడుగు పట్టుకుని నా నెత్తిన నిలబడింది. చూసేవాళ్ళకు వేరు వేరు రోజుల్లా ఉండాలని ముగ్గుకో రకం గాజులు మార్చాను. నా గాజులు నాలుగు ముగ్గులకే అయిపోయాయి. అక్క తనవి తీసి ఇచ్చింది, ఎర్రటి రాళ్ళ గాజులు. వాటితో పూర్ణకుంభం, పురివిప్పిన నెమళ్ళు, పెళ్ళి పల్లకీ వేశాను.

కూరగాయల బండాయన పొద్దున ఒకసారి మా వీధి గుండా పోయాడు, పద్మం ఉంది. తిరిగి వస్తుంటే శంఖాలు ఉన్నాయి. మధ్యాహ్నం మళ్ళీ వచ్చేసరికి నెమళ్ళు. బండి ఆపి అక్కని అడిగాడు: "అమ్మా, ఇది మీ వీధేనా, నేను సందు తప్పి తిరుగుతన్నానా?"

అరుగు మీద కూర్చున్న అత్తయ్య మాత్రం పెదవి విరిచింది. "ఇవాళ మన ఇంట్లో ఇప్పటికి ఏడుసార్లు తెల్లారింది."

పన్నెండూ అయ్యాయి. తేదీలు పెట్టేశాను. కొండకు పోయాం. దేవుడి బొమ్మలతో, దీపాలతో ఆకాశమంత ఎత్తు కట్టిన ప్రభ కదిలితే పిల్లలతో సమానంగా కేకలు పెట్టాను. ఇంటికొచ్చిన మర్నాడే ఈపూరు నుంచి కబురు. మా ఆయనకు చినతాత వరస పెద్దాయన, తొంభై దాటిన మనిషి, మజ్జిగన్నం తిని నిద్రలోనే పోయాడట. దగ్గరి దాయాదులు. అంటే మాకు పదకొండు రోజులు మైల.

మైలంటే మా వైపు మొట్టమొదట ఆగేది వాకిట్లో ముగ్గు. ఊడ్చి నీళ్ళు చల్లుతాం, అంతే. ఆ ఖాళీ వాకిలి చూసి వీధిలోవాళ్ళకు ఫలానా ఇంట్లో ఎవరో పోయారని తెలిసిపోతుంది, ఎవరూ ప్రత్యేకంగా చెప్పనక్కర్లేదు. దహనానికి వెళ్ళొచ్చాక, మైల రోజుల్లో ముగ్గుల ఛానల్ ముట్టుకోవడం కూడా తప్పేనేమో అనిపించింది. క్లాసు అమ్మాయిలకు సెలవని చెప్పి, ఫోను నోరు నొక్కి కందిపప్పు డబ్బా వెనక పెట్టేశాను. ఎంత నిష్ఠ! నా జన్మలో అంత మడిగా నేనెప్పుడూ లేను.

ఇక మూడు రోజులు పొద్దున ఆరింటికల్లా వంటింట్లో నిలబడి ఆ డబ్బా వంక చూసి బాధపడ్డాను. అయిపోయింది, రెండేళ్ళ వరస తెగింది, చూసేవాళ్ళు ఎదురుచూసి ఎదురుచూసి పోయుంటారు, కనపడని బాసు నా పేరు కొట్టేసుంటాడు అని. కళ్ళనీళ్ళు కూడా పెట్టుకున్నాను. పెద్దాయన కోసమనుకుని అత్తయ్య వీపు నిమిరింది. నేను అక్కడ ఏడుస్తున్న ఆ నిమిషంలోనే, డబ్బా వెనక, ఠంచనుగా ఆరింటికి, ఫోను నా నెమళ్ళను లోకం మీదికి వదులుతోంది. తేదీలు పెట్టిన సంగతి నాకు పూర్తిగా గుర్తే లేదు.

నాలుగో రోజు ఉదయం ఈపూరు నుంచి మొదటి బస్సుకు పెద్దాయన రెండో కొడుకు దిగాడు. నాకు చినమామ వరస, అత్తయ్యకు మరిది. ముఖానికి అడ్డంగా ఫోను పట్టుకుని, దాంట్లోనే చూసుకుంటూ వాకిలి దాటి నేరుగా లోపలికి వచ్చాడు. అత్తయ్య చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తోంది.

"ఏంది వదినా ఇది? మా నాయన పోయి నాలుగు రోజులు గాలా. మీ వాకిట్లో పూర్ణకుంభాలంట, నెమళ్ళంట! పాడె గట్టిన మూడో రోజు ఈ పిల్ల పల్లకీ గట్టింది!"

తెర నా ముందు పెట్టాడు. పల్లకీ. ఎర్రగాజుల చెయ్యి ఉత్సాహంగా బోయీల కాళ్ళు గీస్తోంది. కింద ఎవరో రాశారు, "మీ ఇంట్లో పండగ కళ ఉట్టిపడుతోంది అక్కా!" అని. నా గుండె పప్పు డబ్బా వెనక్కి పోయి దాక్కుంది.

"చినమామా, అది… నేను వెయ్యలా. అదే వచ్చింది."

"అదే వచ్చిందా! పల్లకీ నడిచొచ్చిందా?"

"ముందే తీసి పెట్టాను. రోజుకొకటి దానంతటదే…"

"మనిషి పోయినా గూడ ఆగదా అది?"

అది నిజంగానే ఆగదు.

"చానా మందే చూశారు. ఊళ్ళో నా మొహం చూసి నవ్వుతన్నారు. ఈ ఛానల్ మూసెయ్యండి వదినా. ల్యాపోతే పదకొండో రోజుకి మీరు మా గడప తొక్కబాకండి."

మనోళ్ళల్లో ఒక్క మాట. ఆ మాట రానే వచ్చింది. నేను అత్తయ్య వైపు చూశాను. ఆవిడ తలెత్తలేదు. ఇంకో చిక్కుడుకాయకు ఈనె తీసింది, ఇంకోదానికీ తీసింది. నాకు ఒక్కో ఈనెతో పాటు ఒక్కో క్లాసు, ఒక్కో పెళ్ళికార్డు రాలి పడుతున్నట్టే ఉంది. నేను పెట్టుకున్న షరతు కాదుగానీ ఒప్పుకున్న షరతు. మూసెయ్యమంటే మూసెయ్యాలి.

అప్పుడు అత్తయ్య నెమ్మదిగా అడిగింది. "ఏమయ్యా, ఇది నీకెవరు చూపించారు?"

"ఎవురో చూపిచ్చేదేంది? మా ఇంటామె చూస్తంటే నా కంట పడింది."

"ఎప్పుడు?"

"నిన్న. మొన్న గూడ చూసిందంట."

"ఓహో. పెద్దాయన కోడలు, మామ పోయిన రెండో రోజు, కూర్చుని నెమళ్ళు చూస్తందా? మైలలో ముగ్గు వెయ్యగూడదు, ఒప్పుకుంటా. చూడొచ్చంటావా?"

అత్తయ్య చిక్కుడుకాయలు పక్కన పెట్టింది.

"ఆ సంగతి తరవాత తేల్చుకోండిలే. నువ్వు లోపలికి ఎట్టా వచ్చావ్?"

"వాకిట్లోంచే."

"పల్లకీ తొక్కొచ్చావా, పక్క నుంచొచ్చావా?"

ఆయన వెనక్కి వెళ్ళి గుమ్మంలో నిలబడి చూశాడు. ఉత్త నాపరాళ్ళు, నీళ్ళు చల్లిన తడి ఆరుతోంది. నాలుగు రోజులుగా ఒక్క చుక్క పడని వాకిలి అది. ఫోన్లో ముగ్గు చూసుకుంటూ, ముగ్గు లేని వాకిలి మీదుగానే నడిచొచ్చాడు పాపం.

ఈ గొడవంతా విని ఎదురింటి అక్క మెడలో టేపుతోనే వచ్చేసింది. "బాబాయ్, ఇయ్యన్నీ తిరునాళ్ళకి ముందు తీసినయ్. కావాలంటే ఆ చేతి గాజులు చూడండి, ఇయ్యేగా?" అని తన చెయ్యి తెర పక్కన పెట్టింది. ఎర్రటి రాళ్ళ గాజులు. "నా దగ్గర తీసుకుని మళ్ళీ నాకిచ్చేసి గూడ వారం దాటింది."

చినమామ గాజులను చూశాడు, తెరను చూశాడు, మళ్ళీ గాజులను చూశాడు. అంత గట్టి సాక్ష్యం కోర్టులో కూడా దొరకదు.

"మరి నువ్వన్నా చెప్పలేదేందే, రోజూ వస్తన్నయ్యని?" అని నేను అక్క మీద పడ్డాను.

"నీ నెత్తిన గొడుగు పట్టి పన్నెండూ చూశా. మళ్ళీ ఫోన్లో గూడ చూడమంటావా? నా మెడ ఇంకా తిరగట్లా!"

చినమామ కూర్చున్నాడు. అత్తయ్య కాఫీ పెట్టమంది. కాఫీ తాగుతూ, కాస్త తగ్గిన గొంతుతో అడిగాడు. "ఇంకా ఎన్ని ఉండయ్ లోపల?"

ఫోను బయటికి తీశాం, కాస్త పప్పు నూకతో సహా. ఇంకా విడుదల కావలసినవి ఆరున్నాయి. "అన్నీ ఆపు, నా ముందర ఆపు" అన్నాడు. ఒక్కొక్కటి తెరిచి చూపిస్తూ ఆపాలి. రథం ఆపాం. శంఖాలు ఆపాం. మామిడి పిందెలు ఆపాం. చిలకలు వచ్చేసరికి, "ఉండుండు, ఆ ముక్కు ఎట్టా తిప్పావ్, మళ్ళీ చూపీ" అన్నాడు. మళ్ళీ చూపించాను. మూడోసారి కూడా చూశాడు. అత్తయ్య గొంతు సవరించుకుంది. "ఆపు, ఆపు, చిలకల్ని గూడ ఆపు" అని గబగబా అన్నాడు.

వెళ్ళేముందు గుమ్మంలో ఆగాడు. "మూసెయ్యబాకండిలే. పదకొండు రోజులు మాత్రం మీ వాకిలి ఎట్టుంటే ఆ ఫోను గూడ అట్టానే ఉండాల." రెండడుగులు వేసి, వెనక్కి తిరిగి, "పన్నెండో రోజు మా వాకిట్లో మొదటి ముగ్గు నువ్వే వెయ్యాల. మా ఇంటామె నీ పేరే చెప్పిద్ది" అన్నాడు.

ఆయన సందు మలుపు తిరిగేదాకా నవ్వు ఆపుకున్నాం. ఆ తరవాత అత్తయ్య చిక్కుడుకాయల చేట బోర్లించేంతగా నవ్వింది. నేను ఆవిడ కాళ్ళ దగ్గర కూలబడి నవ్వూ ఏడుపూ రెండు పనులూ ఒకేసారి చేశాను.

"మరి షరతో అత్తయ్యా?"

"ఒక్క మాటన్నాడా అన్నాను. ఈయన చానా మాటలన్నాడు. అది లెక్కలోకి రాదు."

చినమామ చెప్పిన మాట ప్రకారం ఫోను కూడా వాకిలిలా ఉండాలి కదా. మర్నాడు ఆరింటికి మా ఉత్త వాకిలి పెట్టాను. తడి నాపరాళ్ళు, ఒక మూల చీపురు. కింద "మా ఇంట్లో మైల. పెద్దకర్మ అయ్యాక కలుద్దాం" అని రాశాను. చూసేవాళ్ళు పోతారనుకున్నాను. పోలేదు సరికదా, ఎవరెవరో తమ వాకిళ్ళ ముచ్చట్లు రాయడం మొదలుపెట్టారు. మా అమ్మమ్మ పోయినప్పుడు బడి నుంచి వచ్చి, ముగ్గు లేని వాకిలి చూసి లోపలికి పోవడానికి భయపడ్డానని ఒకామె రాసింది. మూడో అంతస్తులో ఉంటున్నాను, నాకు వాకిలే లేదు, మైలొచ్చినా ఎవరికీ తెలియదు అని ఇంకొకామె రాసింది. రెండేళ్ళుగా చెయ్యి తిప్పి తిప్పి గీసిన ఏ ముగ్గుకూ అన్ని మాటలు రాలేదు. ఏమీ వెయ్యకుండా ఇంత పేరు వస్తుందని ముందే తెలిస్తే నడుమైనా మిగిలేది.

పన్నెండో రోజు పొద్దున్నే ఈపూరు వెళ్ళాం. స్టాండు, గొడుగు, గొడుగు పట్టే అక్క, అందరం. వంశమంతా వాకిట్లో నిలబడి ఉంది. నా చెయ్యి వాళ్ళందరికీ తెలుసు, మిగతా నేను కొత్త. వంగి ముగ్గు తీసుకుని గీత లాగాను. ఆ గీత వంకర పోయింది. మళ్ళీ లాగాను. మళ్ళీ వంకరే. అది పేడ అలికిన మట్టి వాకిలి. నాపరాయి నున్నదనానికి అలవాటుపడిన నా వేళ్ళు ఆ గరుకు మీద తడబడ్డాయి. నెమలి మెడ ఉండాల్సిన చోట ఏదో పాము లేచింది.

"ఫోన్లో బానే వేసిద్దే!" అని వెనక నుంచి ఎవరో గుసగుస.

చినత్త, అంటే మైలలో దొంగతనంగా నెమళ్ళు చూసిన ఆవిడ, మాట్లాడకుండా వచ్చి నా గుప్పిట్లోని పిండిని తన గుప్పిట్లోకి ఒంపుకుంది. మట్టి మీద, ఒక్క ఊపిరిలో, మెడ, పింఛం, కన్ను. నా నెమలే. నేను వేసిన దానికన్నా బాగుంది. నా ప్రతి వీడియోనూ చూసి రెండేళ్ళుగా ఈ వాకిట్లో వేస్తోందట. గొడుగు కింద నుంచి అక్క తీర్పు చెప్పింది: "దీనికి మెడ పట్టెయ్యలా."

చినమామ స్టాండు కిందికి వచ్చి, "ఇటు కొంచెం, అటు కొంచెం" అంటూ దర్శకత్వం చేశాడు. ఆయన పాదం వీడియోలో ఎంతసేపుందంటే, నా మొదటి వీడియోలో బొటనవేలు గుర్తొచ్చింది. దాన్ని కత్తిరించకుండా అలాగే పెట్టాను. "చెయ్యి మారిందేంటక్కా?" అని అడిగారు. "మా చినత్తది, నా దగ్గర నేర్చుకుని నన్ను దాటిపోయింది" అని రాశాను. ఇప్పుడు వారానికో ముగ్గు ఈపూరు నుంచే వస్తుంది.

ముందుగా తీసిపెట్టుకోవడం మాత్రం మానలేదు. అది మానితే ఈ పని సాగదు. కానీ తేదీలు పెట్టే ముందు అత్తయ్య అనుమతి కావాలి. ఆవిడ ఫోను తీసుకుని, దాయాదుల్లో ఎనభై దాటిన ప్రతివాళ్ళకూ వరసగా చేస్తుంది. "ఒంట్లో ఎట్టా ఉంది? అన్నం తింటన్నావా? దగ్గేమన్నా ఉందా?" మొదట్లో అందరూ మురిసిపోయారు, ఏ కోడలికీ లేని శ్రద్ధ ఈ ఇంటివాళ్ళకని. తరవాత్తరవాత సంగతి బయటపడింది. మొన్న సత్తెనపల్లిలో ఉండే పెద్దతాతకు చేసినప్పుడు, అత్తయ్య ఇంకా నోరు విప్పకముందే అవతలి నుంచి ఆయన గొంతు వంటిల్లంతా వినపడింది.

"నాకేం గాలా, బానే ఉన్నా. పది రోజుల దాకా ఢోకా లేదు. రథం ముగ్గేసుకోమను ఆ పిల్లని!"